వెండితెర వెన్నెల వేరు... ఇసుక మీద నిద్ర వేరు!

"మామయ్యా! నీకు లొకేషన్లు బాగా తెలుసుగా? బీచ్‌లో టెంట్లు వేసుకుని ఒక్క రాత్రి ఉండాలి. మంచి చోటొకటి చెప్పు!"

2024 జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే మా మేనల్లుడి ఫోను. కుర్రాడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. చదివేది ఎలక్ట్రానిక్సే గానీ చూసేది మాత్రం సినిమాలు. ఏడుగురు బయలుదేరుతున్నారట. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. వాళ్లలో ఒకమ్మాయి వాళ్ల పిన్ని కాపలాగా వస్తానంటోందట. "పిన్నిగారు వచ్చినా ఫర్వాలేదు మామయ్యా, వెన్నెల మాత్రం ఉండాలి" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా ఫోను మా అక్కయ్య చేతిలోకి వెళ్లింది. "ఒరే తమ్ముడూ, నువ్వు స్వయంగా వెళ్లి చూసి, బాగుందని చెబితేనే వీణ్ణి గుమ్మం దాటనిస్తాను. లేకపోతే లేదు. భీమిలి సంగతి నేనింకా మరిచిపోలేదు!"

నేనూ మరిచిపోలేదు. ఆ సంగతి ముందు చెప్పందే తక్కిన కథ మీకు బోధపడదు.

సినీ అభిమానులకు భీమిలి అంటే ఏం గుర్తొస్తుందో వేరే చెప్పాలా? 1978లో వచ్చిన 'మరోచరిత్ర'! బాలచందర్ గారు నలుపు తెలుపుల్లో తీసి, విశాఖ, భీమిలి తీరాలను కమల్ హాసన్, సరితలతో పాటు మూడో పాత్రగా నిలబెట్టిన చిత్రం. అప్పటికి నేను పుట్టనే లేదు. అయినా ఆ సముద్రం నా సొంతమన్నట్టే పెరిగాను. కాబట్టి 2016లో, పత్రికలకు చిన్నా చితకా రాసుకుంటూ తిరిగే రోజుల్లో, ముగ్గురు మిత్రులం కలిసి భీమిలిలో ఒక వెన్నెల రాత్రి గడపాలని తీర్మానించుకున్నాం. ముహూర్తం కూడా మామూలుది కాదు. నవంబరు 14, సోమవారం, కార్తిక పౌర్ణమి. 1948 తర్వాత చంద్రుడు భూమికి అంత దగ్గరగా వచ్చిన పున్నమి అదేనని పేపర్లన్నీ రాశాయి. మళ్లీ అంత దగ్గరగా రావాలంటే 2034 దాకా ఆగాలట!

పెద్ద నోట్లు రద్దయి సరిగ్గా ఆరు రోజులు. హోటల్లో గది తీసుకుందామంటే చేతిలో చెల్లే డబ్బు లేదు. ఇసుకకు అద్దె లేదు కదా అని అరువు తెచ్చిన గుడారంతో మధ్యాహ్నం మూడింటికల్లా భీమిలి చేరాం.

అబ్బ! ఏం చోటండీ అది! గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒడ్డు చాలా దూరం ఖాళీగా, అద్దంలా మెరుస్తూ... నీళ్లకు దగ్గరగా కాస్త ఎత్తైన ఇసుక దిబ్బ. మా ఫొటోగ్రాఫర్ మిత్రుడు రెండు చేతుల వేళ్లతో ఫ్రేము కట్టి చూసి, "ఇదే! ఇంతకన్నా మంచి ఫ్రేము దొరకదు" అన్నాడు. నాలుగింటికి గుడారం లేచింది.

వలలు సర్దుకుంటున్న ఓ ముసలాయన అటుగా వచ్చి, "ఇక్కడేసేరేటి బాబూ? నేడు పున్నమి కాదేటి? మా పడవలెక్కడున్నాయో ఓపాలి సూసుకోండి" అన్నాడు. చూశాం. పడవలు మాకు చాలా వెనగ్గా, ఇసుక మెట్ట మీద ఉన్నాయి. ఫొటోలో అడ్డం రావులే అనుకుని సంతోషించాం. తెలివి అలా ఉంది మరి!

చంద్రుడు వచ్చాడు. పాటలు పాడుకున్నాం. ఎనిమిది దాటాక అలల చప్పుడు దగ్గరైనట్టు అనిపించింది గానీ, ముందు వైపు నీళ్లు ఇంకా పది గజాల అవతలే ఉన్నాయి. మేం చూడనిది వెనక వైపు. మా దిబ్బకూ మెట్టకూ మధ్య ఒక పల్లం ఉంది. సాయంత్రం అది పొడిగా ఉంది కాబట్టి పల్లమని కూడా అనిపించలేదు. పోటు ఎక్కుతున్న కొద్దీ నీరు ముందు దాంట్లోకి దూరింది. తొమ్మిది కావస్తుండగా టార్చి వేసి చూస్తే మేమున్నది ఒక లంక! చుట్టూ నీళ్లు, అవి కదులుతున్న నీళ్లు.

గుడారం వదిలేసి నడుం లోతులో దిగాం. సగం దూరం వచ్చాక మా మిత్రుడు వెనక్కి తిరిగాడు. కెమెరా సంచీ గుడారంలో ఉండిపోయింది. ఇంకా వాయిదాలు కడుతున్న కెమెరా. "ఒద్దురా!" అని అరిచాను. వాడు వినలేదు. రెండు అడుగులు వేశాడు, మూడోదానికి కాలు కింద ఇసుక జారింది. తల ఒకసారి కనిపించింది, మరోసారి కనిపించలేదు. నీరు వాణ్ణి ఏటి మొగ వైపు లాక్కుపోతోంది. నేను ఒడ్డున నిలబడి అరవడం తప్ప ఏమీ చెయ్యలేదు. నాకు ఈత రాదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది.

పడవల దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లు తాడు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఎలా దిగారో, ఎటు నుంచి పట్టుకున్నారో తెలీదు గానీ వాణ్ణి ఒడ్డుకు లాగారు. కడుపు నిండా ఉప్పునీళ్లు. ముసలాయన వాడి వీపు రాస్తూ కూర్చున్నాడు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. కెమెరా పోయింది, గుడారం పోయింది. చెల్లని అయిదువందల నోట్లు మాత్రం జేబుల్లో భద్రంగా తడిసి ఉన్నాయి!

ఆ తర్వాత మా మిత్రుడు సముద్రంలో కాలు పెట్టలేదు. బీచ్ షూటింగుకు వెళ్లినా మెట్ట మీద నుంచే ఫొటోలు తీస్తాడు.

అదండీ భీమిలి సంగతి. మా అక్కయ్య మాటలో న్యాయముందా, లేదా?

ప్రొడక్షన్ మేనేజరు పాఠం

సినిమాల్లో బీచ్ రాత్రి చూసి మనం మోసపోయేది ఒక్క చోటే. అక్కడ ఎవరూ పడుకోరు! తడి ఇసుకలో ఆకాశం ప్రతిబింబించాలి కాబట్టి కెమెరాను నీళ్ల అంచున పెడతారు. షాటు ఓకే అయిందా, ప్యాకప్! యూనిట్ అంతా హోటలుకి. అవుట్‌డోర్లలో ఏళ్ల తరబడి నలిగిన ఒక ప్రొడక్షన్ మేనేజరుగారు నాకు ఒకసారి చెప్పారు. "డైరెక్టరుగారు సముద్రం వైపు చూస్తారండీ. నేను దానికి వీపు పెట్టి నిలబడి చూస్తాను. వ్యాను ఎక్కడిదాకా వస్తుంది? మంచినీళ్లెక్కడ? ఆడవాళ్లకు మరుగెక్కడ? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎటు తీసుకెళ్లాలి? ఇవి తేలాకే ఆయన ఫ్రేము!"

ఈ మాట పట్టుకునే నేను బాపట్ల బండెక్కాను. ఎందుకు బాపట్ల అంటారా? విజయవాడ, గూడూరు రైలు మార్గంలో బాపట్ల, చీరాల రెండూ సముద్రానికి దగ్గర ఊళ్లు. అటు సూర్యలంక, ఇటు వాడరేవు, మధ్యలో సరుగుడు తోటలు. పిల్లలకు రానూపోనూ సులువు. సూర్యలంక దగ్గర వైమానిక దళం స్టేషను ఉంది కాబట్టి ఆ హద్దుల్లోకి గుడారాలతో పోకూడదు. అడిగి తెలుసుకోవడం మన పని.

రోజు నేనే ఎంచాను. ఫిబ్రవరి 3, శనివారం. బహుళ అష్టమి. మేనల్లుడు ఫోన్లో గోల పెట్టాడు. "అష్టమి నాడు వెన్నెలెక్కడుంటుంది మామయ్యా? అర్ధరాత్రి దాటాకగానీ చంద్రుడు రాడు!" రాడు నాయనా, అందుకే అష్టమి! అమావాస్యకూ పున్నమికీ, ఆ వెంటనే వచ్చే ఒకటి రెండు రోజులూ పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. అష్టమి రోజుల్లో ఆ తేడా తగ్గిపోయి సముద్రం కాస్త పెద్దమనిషిగా ఉంటుంది. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు. అందుకే ఇవాళ తొమ్మిదింటికి వచ్చిన పోటు రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పంచాంగం, గడియారం ఉంటే సగం లెక్క మీ చేతిలో ఉన్నట్టే. మిగతా సగానికి హైదరాబాదులోని ఇన్‌కాయిస్ వారు సముద్ర పరిస్థితి, ఎత్తైన అలల హెచ్చరికలు రోజూ ఇస్తూనే ఉన్నారు. సెల్‌ఫోనులో రీలు చూసే బదులు అది ఒకసారి చూస్తే పోయేదేముంది?

నెల కూడా ముఖ్యమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి అగ్ర తారలు విరాళాల కోసం జనంలోకి వచ్చారని మీ ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. విశాఖను చితక్కొట్టిన హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ నెలల్లో ఇసుక మీద పడకలు వద్దు. జనవరి, ఫిబ్రవరి మేలు. చలి, మంచు ఉంటాయి. దుప్పటి తెచ్చుకుంటే సరి.

మూడు చోట్లు, మూడు రకాలు

మొదటి చోటు చూడగానే మా మేనల్లుడు ఎగిరి గంతేసేవాడు. నీళ్లకు ఎదురుగా వరసగా రంగు టెంట్లు, గుండె ఆకారంలో దీపాల తోరణం, ఉయ్యాల, పాటల పెట్టెలు. యజమాని ఎంతో గర్వంగా, "అలలు టెంటు గుమ్మం దాకా వస్తాయి సార్!" అన్నాడు. ఆ మాట ఆయన ఆకర్షణ కోసం చెప్పాడు. నాకు కాళ్లు చల్లబడ్డాయి. నాలుగడుగులు వేసి ఇసుక మీద చూశాను. ఎండిన నాచు, గవ్వలు, థర్మోకోల్ ముక్కలు, తెగిన చెప్పు ఒక గీతలాగా పడి ఉన్నాయి. కిందటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో సముద్రమే రాసిపెట్టిన సంతకం అది. టెంట్లు ఆ గీతకు ఇవతల లేవు, సరిగ్గా దాని మీదే ఉన్నాయి.

పైగా ఆ దీపాలు! జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వెలుగూ గోలా ఉంటే తల్లి వెనక్కి తిరిగిపోతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రమనుకుని దీపాల వైపు పాకి చచ్చిపోతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు రక్షణ ఉన్న జీవులవి. మన ఫొటో కోసం వాటి ప్రాణం ఎందుకు తియ్యాలి?

రెండో చోటు ఒక కాలవ గట్టు. దాని గురించి ఎక్కువ చెప్పను. దోమలు. రాత్రి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి ఆ దోమలన్నీ తిన్నగా మన దగ్గరికే వస్తాయి. అంబులెన్సు రావడానికి దారి కూడా లేదు.

మూడోది ఒక సరుగుడు తోట. చూడగానే ఉస్సూరుమంది. టెంటులోంచి సముద్రం కనిపించదు! మధ్యలో ఇసుక మెట్ట అడ్డం. మెట్టంతా మేకడెక్క ఆకారపు ఆకులు, ఊదారంగు పూలు ఉన్న తీగ అల్లుకుని ఉంది. ఆ తీగ పచ్చగా దట్టంగా పెరిగిందంటే మామూలు పోట్లు అక్కడిదాకా రావని అర్థం. మెట్టకు అవతల పక్క జాలరుల పడవలు. భీమిలి ముసలాయన మాట గుర్తొచ్చింది. పడవే బతుకుతెరువైన వాడు దాన్ని ఎక్కడ నిలుపుతాడో అక్కడికి పోటు రాదు. మనం దానికన్నా వెనగ్గా ఉంటే చాలు.

తోటలో రెండు మరుగుదొడ్లు, ఒక బోరింగు. ఆడపిల్లలు అర్ధరాత్రి లేచినా ఒకరిని తోడు పిలిస్తే సరిపోయేంత దూరం. తారు రోడ్డు అర ఫర్లాంగు. పక్కనే పల్లె. తోట పెద్దాయన నా ప్రశ్నలు విని, "పెళ్లి సంబంధం కూడా ఇంతగా అడగరండీ" అని నవ్వాడు. ఒకటి మాత్రం పేచీ పెట్టాను. ఆయన చూపించిన జాగాలో ఒక ఎండిన సరుగుడు చెట్టు గాలికి కిర్రుమంటోంది. దాని కింద పడుకునేది లేదన్నాను. ఇరవై గజాలు ఇవతల, ఖాళీ ఇసుకలో చోటిచ్చాడు.

పిన్నిగారి బస్తాలు

శనివారం సాయంత్రం దండు దిగింది. మా ఫొటోగ్రాఫర్ మిత్రుణ్ణి కూడా రమ్మన్నాను. వస్తాడనుకోలేదు. వచ్చాడు. పడవల దగ్గర కూర్చుంటాను, అంతకు మించి అడగొద్దన్నాడు.

పిల్లలు మేకులు కొడుతుంటే ఇసుకలో దిగినట్టే దిగి ఊడివస్తున్నాయి. అప్పుడు పిన్నిగారు రంగప్రవేశం చేశారు. ఆమె రైతు కుటుంబం వారు. ఖాళీ ఎరువుల బస్తాలు తెప్పించి, సగానికి ఇసుక నింపి, మూతి కట్టి, గుడారం తాడు వాటికి ముడేసి రెండడుగుల లోతున అడ్డంగా పాతించారు. ఆ పైన ఏనుగు లాగినా రాదు! కాపలా మనిషనుకున్న ఆమె మా అందరికీ ఆర్ట్ డైరెక్టర్ అయిపోయారు.

నీళ్లు మనిషికి నాలుగైదు లీటర్ల లెక్కన క్యాన్లలో తెచ్చుకున్నారు. ఉప్పుగాలికి దాహం ఎక్కువ. మంట తోటలో వద్దన్నాను. రాలిన సరుగుడు ఆకు ఎండితే అగ్గిపుల్ల చాలు. మెట్ట ఇవతల, చెట్లకు దూరంగా, తీగ లేని బోసి ఇసుకలో చిన్న మంట వేసి, నీళ్లు పోసి ఆర్పాం. నిప్పుల మీద ఇసుక కప్పేస్తే చాలనుకుంటారు చాలామంది. కింద గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. తెల్లారి ఉత్త కాళ్లతో నడిచే జాలరి పిల్లల పాదాలు కాలతాయి.

చీకటి పడ్డాక నీళ్లలో దిగేది లేదని ముందే ఒట్టు వేయించుకున్నాను. పగలు కూడా ఎక్కడ దిగకూడదో మెట్ట మీద నిలబెట్టి చూపించాను. రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ మాత్రం నల్లగా, నెమ్మదిగా ఉంది. మేనల్లుడు, "అక్కడైతే బాగుంది మామయ్యా, అలలే లేవు" అన్నాడు. అక్కడే ప్రమాదం. ఒడ్డుకొచ్చిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. దాంట్లో చిక్కితే ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పట్టీ దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రానివాళ్లకు ఆ సలహా కూడా పనికిరాదు, మోకాలి లోతు దాటకపోవడమే. ఇది చెబుతున్నప్పుడు మా మిత్రుడు నా వైపు చూడలేదు.

వెన్నెల లేదని సణిగిన కుర్రకారు ఎనిమిదింటికి మెట్టెక్కి నోళ్లు వెళ్లబెట్టారు. అన్ని చుక్కలు వాళ్లెప్పుడు చూశారు గనక? ఒకమ్మాయి పాట అందుకుంది, పిన్నిగారు చరణం అందించారు. పదిన్నరకల్లా అందరూ నిద్ర. అర్ధరాత్రి దాటాక సగం చంద్రుడు ఎర్రగా సముద్రంలోంచి లేచాడు. మేనల్లుణ్ణి తట్టి లేపాను. ఒక కన్ను తెరిచి, "బాగుంది మామయ్యా" అని మళ్లీ పడుకున్నాడు!

మూడు గంటల వేళ పోటు సమయానికి నేను టార్చి దించి పట్టుకుని కిందికి వెళ్లి చూశాను. నీళ్లు పడవలకు ఇరవై అడుగుల దూరంలో ఆగాయి. నిలబడి రెండు మూడు అలలు లెక్కపెట్టి, అప్పుడు వచ్చి పడుకున్నాను.

తెల్లవారుజామున లేచేసరికి మా మిత్రుడు పడవ అంచున కూర్చుని ఉన్నాడు. రాత్రంతా అక్కడే ఉన్నాడో, ఎప్పుడొచ్చాడో! మెడలో కెమెరా లేదు. దూరంగా పిల్లలు చీలమండల లోతులో కేరింతలు కొడుతున్నారు. అక్కయ్య ఫోను అప్పటికి మూడుసార్లు వచ్చింది. మూడోసారికి, "సరే, ఇంటికొచ్చే ముందు ఆ ఇసుకంతా బయటే దులుపుకోమను" అంది.

"ఇప్పుడు పోటా, పాటా?" అని అడిగాడు మా మిత్రుడు.

"పాటు. నీళ్లు వెనక్కి పోతున్నాయి. తొమ్మిది దాకా ఇంతే."

వాడు కాసేపు ఆలోచించి, చెప్పులు విప్పి పడవలో పెట్టి, పంట్లాం పైకి మడవడం మొదలుపెట్టాడు.